కృతజ్ఞత రాసుకోవడం: ఎన్నిసార్లు, ఎలా, ఎక్కడ బెడిసికొడుతుంది

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. కృతజ్ఞత డైరీ గురించి ఒడిశా తెలుగువాళ్ళ ఈ వేదికలో ముక్కలు ముక్కలుగా చాలాసార్లు వచ్చింది గానీ ఒకచోట లేదు. కౌన్సెలింగ్ చేసేవారు, ఆసుపత్రిలో పనిచేసేవారు, బడి పంతుళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. రోజూ రాయాలా, వారానికోసారి చాలా? ఏమి రాస్తే పని జరుగుతుంది, ఏమి రాస్తే వృథా? మన ఇళ్ళలో సొంతవాళ్ళకి థాంక్స్ చెబితే పరాయి మాటలా ఉంటుంది, దానికి దారేమిటి? ఒడియా మీడియంలో చదివి, తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాని పిల్లలు ఏ భాషలో రాయాలి? మంచిగా ఆలోచించండి అనే సలహా వద్దండి. రేపు పొద్దున్న మొదలుపెట్టగలిగే పద్ధతి కావాలి.

చోడి అంబలి (రాయగడ, కౌన్సెలింగ్):

ఎన్నిసార్లు అన్న దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అందుకే దానికి కాస్త ఎక్కువ రాస్తాను.

2003లో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అచ్చువేసిన ప్రయోగాల్లో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఆ వారం తమకి దక్కిన మేళ్ళు ఐదు వరకు రాయాలి. రెండో గుంపు చికాకులు రాయాలి. మూడో గుంపు మంచీ చెడ్డా అనకుండా జరిగిన సంగతులు రాయాలి. వారానికి ఒక్కసారి, 10 వారాలు. మేళ్ళు రాసినవాళ్ళు తమ బతుకు మీద ఎక్కువ తృప్తి చెప్పారు. చికాకులు రాసినవాళ్ళకంటే వ్యాయామమూ ఎక్కువ చేశారు. గమనించండి, ఒక్కో మేలుకి రాయించింది ఒక్కో చిన్న వాక్యమే.

2005లో సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం చెప్పింది ఇంకా పనికొస్తుంది. ఆరు వారాలపాటు వారానికి ఒకసారి మేళ్ళు లెక్కపెట్టుకున్నవాళ్ళకి సంతోషం పెరిగింది. అదే పని వారానికి మూడుసార్లు చేసినవాళ్ళకి పెరగలేదు. ఎందుకంటే మనసుకి ఏదైనా ఇట్టే అలవాటైపోతుంది. రోజూ రాయాలంటే నాలుగో రోజుకే «ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం» అన్న మూడు మాటలు మళ్ళీ వస్తాయి, చెయ్యి రాస్తుంది గానీ మనసు అక్కడ ఉండదు.

అలాగని రోజూ రాయడం తప్పు కాదు. అదే 2005లో మార్టిన్ సెలిగ్‌మన్ బృందం ఒక వారంపాటు ప్రతి రాత్రీ ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాయించింది. దాని ఫలితం ఆరు నెలల తరవాత కూడా కనిపించింది. వారం గడిచాక కూడా తమంతట తాము కొనసాగించినవాళ్ళే ఎక్కువ బాగుపడ్డారు. అక్కడ కీలకం «ఎందుకు జరిగింది» అన్న రెండో సగం. దాన్ని వదిలేసి సంగతులు మాత్రం రాసుకునేవాళ్ళు సగం పనే చేస్తున్నట్టు.

కాబట్టి నేను చెప్పే లెక్క ఇది. మొదటి 7 రోజులు రాత్రిపూట మూడేసి. ఆ తరవాత వారానికి ఒకే రోజు, ఐదుకి మించకుండా. 10 వారాలు అయ్యాక ఆగి, నోట్‌బుక్ వెనక్కి తిరగేసి చూసుకోండి.

లక్ష్మివారం ముగ్గు (గుణుపురం):

వారానికి ఒకే రోజు అంటే మనకి రెడీగా ఉంది కదండీ. లక్ష్మివారం, అంటే గురువారం. మార్గశిరంలో మన తెలుగిళ్ళలో లక్ష్మివారాలు చేస్తాం, పక్కింట్లో ఒడియావాళ్ళు మాణబసా గురుబార్ చేస్తారు. గడపలో బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసి, మాణ కొలత నిండా కొత్త ధాన్యం పోసి పెడతారు. కొలత నిండింది, ఇల్లు గడుస్తుంది అని కళ్ళతో చూసుకునే రోజు అది. కొండమీద సవరలు కొత్త పండగ చేసి దేవుడికి పెట్టాకే కొత్త కందులు, కొత్త కొర్రలు నోట పెట్టుకుంటారు. తినేముందు ఒక్క క్షణం ఆగడం అక్కడి నియమం.

దీపం పెట్టేవాళ్ళు దీపం పెట్టాక ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని రాయండి. పూజ లేనివాళ్ళు ఇంటి లెక్కల పుస్తకం తీసే రోజుకి కట్టుకోండి. ఉన్న అలవాటుకి ముడేస్తే కొత్త అలవాటు నిలుస్తుంది, విడిగా పెట్టుకుంటే మూడో వారానికే జారిపోతుంది.

చోడి అంబలి:

బాగా చెప్పారమ్మా. ఇప్పుడు ఏమి రాయాలో చూద్దాం.

మేలు ఎంత పెద్దదిగా అనిపిస్తుంది అన్నది మూడింటి మీద ఆధారపడుతుందని 1968లోనే టెస్సర్, గేట్‌వుడ్, డ్రైవర్ అనే పరిశోధకులు చూపించారు. చేసినవాడు కావాలనే చేశాడా? దానికి అతనికి ఎంత ఖర్చయింది, అంటే డబ్బో, సమయమో, శ్రమో? మనకి దానివల్ల ఎంత ఉపయోగం? ఈ మూడూ వాక్యంలో కనబడాలి.

పనికిరాని వాక్యం: «కుటుంబానికి, ఆరోగ్యానికి, తిండికి కృతజ్ఞతలు.»

పనికొచ్చే వాక్యం: «మంగళవారం వానలో పాలబ్బాయి ప్యాకెట్టు గేటుకి తగిలించకుండా, చెప్పులు విప్పి మెట్లెక్కి వసారాలో పెట్టాడు. అతనికి రెండు నిమిషాలు, తడిసిన బట్టలు. మాకు పొద్దున్న టీ ఆగలేదు.»

మనిషి, పని, అతనికి పడిన కష్టం, మనకి తప్పిన ఇబ్బంది. ఈ నాలుగూ ఉంటే ఒక్క మేలే చాలు, ఐదు అక్కర్లేదు. ఐదు నింపాలని అల్లుకుంటూ పోతే చివరి రెండూ బలవంతపువే అవుతాయి.

ఇంకో పొరపాటు చాలా ఎక్కువ. «ఫలానా వాళ్ళకంటే మనం నయం» అని రాసి దాన్ని కృతజ్ఞత అనుకోవడం. అది పోలిక. పోలికలో మేలు చేసిన మనిషి ఎక్కడా కనబడడు. పైగా రేపు మనకంటే బాగున్నవాడు కంటబడితే అదే పోలిక తిరగబడి మనల్నే కొరుకుతుంది.

జయపురం మెట్ట (జయపురం, గణాంకాలు):

అంబలి గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక కొలత పెట్టాలి. 2021లో క్రెగ్, చీవెన్స్ కలిసి 27 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కవేశారు. దిగులు, ఆందోళన లక్షణాల మీద కృతజ్ఞత అభ్యాసాల ప్రభావం ఉంది గానీ చిన్నదే అని తేలింది. కాబట్టి దీన్ని దిగులు జబ్బుకి మందుగా ఎవరూ పట్టుకోవద్దు. రెండు వారాలు దాటి రోజులో ఎక్కువ భాగం మనసు బాగోకపోతే, తిండి నిద్ర తప్పితే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డైరీ పక్కనబెట్టి వైద్యుణ్ణి చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

మరి ఇంత చిన్న ప్రభావానికి ఈ శ్రమెందుకు అంటే, ఖర్చు లేదు, వారానికి పది నిమిషాలు పట్టదు, పక్కవాళ్ళకి మేలే తప్ప కీడు లేదు. ఆ లెక్కన ఇది గిట్టుబాటే.

రాత్రి డ్యూటీ (బరంపురం, స్టాఫ్ నర్స్):

నిద్ర సంగతి నేను రాస్తాను. 2009లో అలెక్స్ వుడ్ బృందం 401 మందిని అడిగి చూసింది. కృతజ్ఞత ఎక్కువ ఉన్నవాళ్ళకి త్వరగా నిద్ర పట్టడం, నిద్ర బాగుండటం కనిపించింది. కారణం కూడా దొరికింది: పడుకునే ముందు బుర్రలో తిరిగే మాటలు. దిగులు మాటలు తగ్గి మంచి మాటలు పెరిగితే నిద్ర దానంతట అదే వస్తుంది. ఎమన్స్ వాళ్ళు నరాలు, కండరాల జబ్బులున్నవాళ్ళ చేత 21 రోజులు రాయించినప్పుడు కూడా వాళ్ళు నిద్ర మెరుగైందనే చెప్పారు.

ఎలా చేయాలంటే, కాగితం మీదే రాయండి. ఫోన్‌లో రాద్దామని తీస్తే మెసేజీలు లాగేస్తాయి, వెలుతురు కళ్ళలో పడుతుంది. పడుకోవడానికి ఒక పావుగంట ముందు రాయండి, మంచం మీద కాదు. రేపటి అప్పో, పరీక్షో మనసులో తిరుగుతుంటే దాన్నే ముందు వేరే కాగితం మీద రాసేసి, మడిచి, పక్కగదిలో పెట్టేయండి. చికాకుని అణిచిపెట్టి పైన మంచి మాటలు పులిమితే అది మంచం ఎక్కాక లేస్తుంది. రాత్రి డ్యూటీవాళ్ళు పొద్దున్న ఇంటికొచ్చి, స్నానం చేసి, తరవాణో చోడంబలో (రాగి అంబలి) తాగాక, కిటికీ తెర దించేముందు రాసుకోవాలి. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలకి పైగా నిద్ర పట్టకపోతే మాత్రం వైద్యుడికి చూపించుకోవాలి.

మహేంద్రతనయ గట్టు:

చాలా ఉపయోగంగా ఉంది. ఇంట్లోవాళ్ళకి చెప్పడం సంగతి ఎవరైనా చెప్పండి.

లక్ష్మివారం ముగ్గు:

నేను చెబుతాను. థాంక్స్ అన్న మాట మన ఇళ్ళలో లెక్క తేల్చేసినట్టు వినిపిస్తుంది. తల్లికి థాంక్స్ అంటే «నాకేటి పరాయిదాన్నా» అంటుంది. కానీ మనకి కృతజ్ఞత చెప్పే మాటలు లేక కాదు, వేరే దారిలో చెబుతాం.

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి దీవెనగా చెబుతారు. చల్లగా ఉండు నాయనా, నీ కడుపు చల్లగుండ అంటారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి చెప్పాలంటే, వాళ్ళ సాయం ఏమైందో తిరిగి వచ్చి చెప్పడమే అసలు కృతజ్ఞత. «మామయ్యా, మీరు చెప్పిన గుమస్తాగారినే కలిశాను, పట్టా కాగితం చేతికొచ్చింది.» దారి చూపించినవాళ్ళకి ఆ కబురు అందకపోవడమే బాధ. పని అయ్యాక పలకరింపు లేకపోతేనే కదా ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న మాట పుట్టింది. పని కానప్పుడు కూడా చెప్పాలి. «వెళ్ళాను పిన్నీ, అవలేదు గానీ ఎవరి దగ్గరకి వెళ్ళాలో తెలిసింది» అంటే చాలు.

భార్యాభర్తల మధ్య వాళ్ళ గుణం మీదకి తిప్పి చెప్పాలి. «నాకు భలే పనికొచ్చింది» కంటే «నువ్వు గుర్తుపెట్టుకున్నావు కాబట్టి మందు వేళకి పడింది» అన్నది లోపలికి దిగుతుంది.

చోడి అంబలి:

ముగ్గు గారు చివర చెప్పినదానికి పరిశోధన తోడుంది. సారా ఆల్గో బృందం 2016లో జంటల్ని గమనించి, తనకి కలిగిన లాభం చెప్పడం కంటే ఎదుటివారి మంచిని ఎత్తి చెప్పడమే వినేవారికి దగ్గరతనం కలిగిస్తుందని చూపించింది.

పట్టు మగ్గం (బరంపురం, పట్టుచీరల వ్యాపారం):

పని చోట సంగతి కూడా ఉండాలి ఈ చర్చలో. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. ఒక విద్యార్థి ఉత్తరాన్ని దిద్దిపెట్టినవాళ్ళకి, అందింది అని పొడిగా జవాబిస్తే 32 శాతం మందే మళ్ళీ సాయం చేశారు. కృతజ్ఞత చెప్పి జవాబిస్తే 66 శాతం మంది చేశారు. తమ పనికి విలువ ఉందని తెలియడమే దానికి కారణమని తేల్చారు.

నేతపనివారికి చెప్పేటప్పుడు «చీర బాగుంది» అనకండి. «ఈ అంచులో గోపురంలా ఉండే కుంభం మొదటినుంచి చివరిదాకా ఒక్కచోట కూడా వంకర పోలేదు, రెండు పక్కలా సరిగ్గా కూడింది» అనండి. పని తెలిసినవాడు చూశాడన్నది అందులో ఉంటుంది. చీర చేతికొచ్చిన రోజే చెప్పాలి, పండగ దాకా దాచకూడదు. అన్నిటికంటే ముందు కూలి డబ్బు. బకాయి పెట్టి పొగిడితే ఆ మాట విన్నవాడికి ఒళ్ళు మండుతుంది. లెక్క తేల్చి, డబ్బు చేతిలో పెట్టి, అప్పుడు మాట చెప్పాలి. ఈ వరస మారకూడదు.

కాశీనగరం బడి (కాశీనగరం, ఉపాధ్యాయుడు):

పిల్లల సంగతి నాది. ఫ్రో, సెఫిక్, ఎమన్స్ 2008లో ఆరు, ఏడు తరగతుల పిల్లలు 221 మందితో రెండు వారాలు ఇదే చేయించారు. మేళ్ళు రాసిన పిల్లలకి బడి మీద ఇష్టం పెరిగింది. మనం చేయించేటప్పుడు నాలుగు జాగ్రత్తలు కావాలి.

మార్కులు వేయకూడదు, అక్షరదోషాలు దిద్దకూడదు. పైకి చదవమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఏడు నిమిషాలు ఇస్తే సరి. అసలైనది నాలుగోది: కొన్న వస్తువులు రాయకూడదని ముందే చెప్పాలి. లేకపోతే ఒకడు సైకిల్ అని రాస్తాడు, పక్కవాడు ఏమి రాయాలో తెలియక తలదించుకుంటాడు. మనుషులు చేసిన పనులే రాయాలి అంటే ఆ తేడా మాయమవుతుంది.

భాష ప్రశ్నకి నా జవాబు: మేలు ఏ భాషలో జరిగిందో ఆ భాషలో రాయనివ్వండి. అమ్మమ్మ చేసింది తెలుగులో, బడిలో స్నేహితుడు చేసింది ఒడియాలో. తెలుగు లిపి రాకపోతే తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసుకోనివ్వండి. లిపి తరవాతైనా నేర్పుకోవచ్చు. మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లోనే. ఆయన సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం పాటుపడిన ఊరు మనది. అలాంటి చోట పిల్లవాడి చేత పుస్తకాల తెలుగులో «ధన్యవాదములు తెలియజేయుచున్నాను» అని రాయించడం అన్యాయం. «అవ్వా, నువ్వు నాకు పఖాళలో (చద్దన్నంలో) ఉల్లిపాయి కోసిచ్చావు» అని రాస్తే అదే గొప్ప వాక్యం.

జయపురం మెట్ట:

మేష్టారూ, ఒక్క సందేహం. రోజూ ఉండేవాటి మీద పిల్లలకైనా పెద్దలకైనా కృతజ్ఞత పుట్టదు కదా. కుళాయి నీళ్ళు, రోడ్డు, రైలు లాంటివి.

కాశీనగరం బడి:

దానికి తీసివేత పద్ధతి ఉంది. 2008లో కూ, ఆల్గో, విల్సన్, గిల్బర్ట్ అనేవారు చేసి చూపించారు. ఒక మంచి సంగతి ఎలా జరిగింది అని రాసినవాళ్ళకంటే, అది అసలు జరగకుండా ఎలా పోయుండేదో రాసినవాళ్ళకే మనసు ఎక్కువ తేలికపడింది. దంపతుల్లో కూడా, ఎలా కలిశామో రాసినవాళ్ళకంటే, కలవకుండా ఎలా పోయుండేవాళ్ళమో రాసినవాళ్ళే తమ బంధం మీద ఎక్కువ తృప్తి చెప్పారు.

మన గుణుపురం రైలునే తీసుకోండి. బ్రాడ్‌గేజ్ మార్పు కోసం నౌపడా, గుణుపురం మధ్య రైలు 2004లో ఆగి 2011లో మళ్ళీ మొదలైంది. రైలు లేని ఆ రోజుల్లో పర్లాకిమిడి నుంచి నౌపడాకి ఎలా వెళ్ళాల్సి వచ్చేదో పెద్దవాళ్ళని అడిగి, బస్సులు, సమయం, ఛార్జీ రాసుకు రమ్మనండి. తరవాత ఇప్పటి టికెట్టు పక్కన పెట్టి చూడమనండి. కృతజ్ఞత అన్న మాట మనం ఎత్తనే అక్కర్లేదు. నెలకి ఒకసారి చాలు. ఆత్మీయులు పోయి దుఃఖంలో ఉన్న పిల్లలకి మాత్రం ఈ తీసివేత అభ్యాసం ఇవ్వకండి, నిజంగా తీసేసినదే ముందుకొస్తుంది.

లక్ష్మివారం ముగ్గు:

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. కృతజ్ఞత అడిగి తీసుకునేది కాదు. «ఇంత చేశాం, ఆ విశ్వాసం లేదా» అని కోడలిని, జీతగాణ్ణి, చదివించిన మేనల్లుణ్ణి నోరెత్తనివ్వకుండా చేయడం రోజూ జరిగేదే. కొట్టే ఇంట్లో ఉన్న ఆడమనిషికి కృతజ్ఞత డైరీ సలహా ఇవ్వకండి. ఆవిడకి కావలసింది మహిళల సహాయ లైను 181 నంబరు, వెళ్ళి తలదాచుకోవడానికి ఒక ఇల్లు. ఆ తరవాతే ఏదైనా.

చోడి అంబలి:

నూటికి నూరుపాళ్ళు నిజం. దీనికి పక్కనే ఇంకోటి ఉంది, రుణభారం. క్రిస్టిన్ లేయస్ బృందం 2013లో అమెరికాలోనూ దక్షిణ కొరియాలోనూ కృతజ్ఞత లేఖలు రాయించి పోలిస్తే, కొరియావాళ్ళకి లాభం తక్కువ కనిపించింది. మేలు పొందామంటే తీర్చాలన్న బరువు కూడా వచ్చే సమాజాల్లో సంతోషంతో పాటు ఇబ్బందీ లేస్తుంది. మనం కూడా అలాంటివాళ్ళమే. «మీ రుణం ఉంచుకోను» అన్నది మన నోట ఊరికే రాలేదు.

అందుకని రాసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది చేసినవాళ్ళు లెక్క పెట్టుకుని ఉంటారా? పెట్టుకునే రకమైతే అది అప్పు. దాన్ని లెక్కల పుస్తకంలో రాసి తీర్చే దారి చూడండి. పెట్టుకోని రకమైతేనే ఈ నోట్‌బుక్‌లోకి రావాలి. ఈ రెండూ కలిసిపోయిన నోట్‌బుక్ తెరిచినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది, మనిషి మానేస్తాడు. ఎందుకు మానేశాడో కూడా తెలియదు.

రాత్రి డ్యూటీ:

ఉత్తరం గురించి ఎవరూ రాయలేదు, అడిగేస్తున్నాను. సెలిగ్‌మన్ వాళ్ళదే అనుకుంటా.

చోడి అంబలి:

అవునమ్మా, అదే 2005 అధ్యయనంలోది. సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోని ఒక మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలి. వారం గడువు. మొదట్లో అన్నిటికంటే పెద్ద ఫలితం దీనిదే. కాకపోతే ఒక నెల నిలిచి, తరవాత తగ్గిపోయింది. కాబట్టి ఏడాదికి మూడు నాలుగు రాసుకోవచ్చు, వారం వారం కాదు.

జనం ఆగిపోయేది సిగ్గు దగ్గర. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ చూపించింది ఇదే. రాసేవాళ్ళు అందుకునేవారికి ఇబ్బందిగా ఉంటుందని ఎక్కువ ఊహించుకుంటారు. వాళ్ళు ఎంత ఆశ్చర్యపడతారో, ఎంత సంతోషిస్తారో తక్కువ ఊహించుకుంటారు. మాటలు సరిగ్గా కుదిరాయా అని మనం తంటాలు పడతాం, చదివేవారు చూసేది ఆప్యాయతే.

ఒక పేజీ దాటొద్దు. మొదటి వాక్యంలోనే ఏ పని గురించో చెప్పేయండి, క్షేమ సమాచారాలతో అర పేజీ నింపొద్దు. ఏ ఏడు, ఏ ఊరు, ఆరోజు వాళ్ళు అన్న మాట గుర్తుంటే ఆ మాటే రాయండి. తరవాత దానివల్ల ఇవాళ మీ బతుకులో ఏముందో రెండు వాక్యాలు. అడగాల్సిన సాయం ఏదైనా ఉంటే ఈ ఉత్తరంలో పెట్టకండి, నెల ఆగండి. రెండూ ఒకే కాగితంలో ఉంటే మొదటిది రెండోదానికి ఎర అనిపిస్తుంది. చదవడం రాని పెద్దలైతే పక్కన కూర్చుని చదివి, కాగితం వాళ్ళ చేతిలోనే పెట్టి రండి. దూరంగా ఉంటే వాయిస్ మెసేజ్ చాలు, రెండు నిమిషాలు మించకుండా.

మహేంద్రతనయ గట్టు:

అయితే ఈ లక్ష్మివారం నుంచి మొదలు. చివరిగా రెండు. ఒక వారం తప్పిపోతే తరవాతి వారం పది రాయాలా? 10 వారాల తరవాత ఆ నోట్‌బుక్ ఏమి చేయాలి?

చోడి అంబలి:

పది వద్దు. తప్పిన వారం తప్పినట్టే వదిలి, తేదీ వేసి ఖాళీ పేజీ ఉంచండి.

10 వారాలయ్యాక ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి పేజీ నుంచి చదవండి. మనిషి పేరున్న ప్రతిచోటా గీత గీయండి. పేర్లే లేకపోతే పైన చెప్పిన పనికిరాని వాక్యాలే రాశారని అర్థం, ఈసారి మనుషుల్ని రాస్తూ మళ్ళీ మొదలుపెట్టండి. పేర్లుంటే, మూడుసార్లకి మించి వచ్చి కూడా మీరు ఇంతవరకూ నోరు తెరిచి చెప్పని పేరు ఒకటైనా దొరుకుతుంది. పైన చెప్పిన ఉత్తరం ఆ పేరుకి.